తొలి రచనాకాలం: 008లోనా, 046లోనా, నోట్‌లోనా?

కన్యాశుల్కం ఏ సంవత్సరం పుస్తకం? మా విజయనగరంలో అడిగితే ఎవరైనా ఠక్కున చెప్పేస్తారు, కాకపోతే తలా ఒకటి. 1892లో ఆడారు. 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. మనం ఇప్పుడు చదివేది ఆ రెండోదే. బీరువాలో ఉన్నదేమో మొన్నమొన్నటి అచ్చు. లైబ్రరీ కేటలాగు సాఫ్ట్‌వేర్ కోహాలో పుస్తకాన్ని ఎక్కించేటప్పుడు ఏ సంవత్సరం ఏ గడిలో కొట్టాలని శ్రీకాకుళం నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. 008, 046 లాంటివి మార్క్ అనే కేటలాగు పద్ధతిలో ఆ గళ్ల నంబర్లు, పక్కనుండే సి, కె, ఎల్ వాటిలోని ఉపగళ్లు.

ప్రచురణ సంవత్సరం వేసే 264 సి గురించి చర్చ అక్కర్లేదు, అక్కడ చేతిలో ఉన్న పుస్తకం అచ్చయిన సంవత్సరమే. మొదట్లో నేను 1897 కొట్టేశాను. తొలి ముద్రణ దొరికిందనుకుని ఒక పరిశోధక విద్యార్థి ఎండలో పడి వచ్చాడు. కొత్త అట్ట చూశాక నన్నేమీ అనలేదు, అదే నయం.

008లో తేదీ రకంగా ‘ఆర్’ (పునర్ముద్రణ) పెట్టి, మొదటి తేదీగా పునర్ముద్రణ, రెండో తేదీగా మూల ముద్రణ ఇవ్వడం పాత పద్ధతి. ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చేసిన పుస్తకాలకు హాయిగా సరిపోతుంది. కానీ అది అచ్చు లెక్కే. ‘దేశమును ప్రేమించుమన్నా’ గేయం రాసింది 1910లో, కృష్ణాపత్రికలో వచ్చింది 1913లో. ఆ 1910కి 008లో చోటు లేదు.

రచన జరిగిన సంవత్సరం వేసే 046 కె ఉన్నది అందుకే. రచన ఏళ్ల తరబడి సాగితే ముగింపు ఎల్‌లో వేసుకోవచ్చు. వరసపెట్టడానికి దీన్ని మించింది లేదు, కోహా వెతికే ఇండెక్స్‌లో ఆ గడిని చేర్చుకుంటేనే సుమా.

అయినా నేను ఎప్పుడూ వదలనిది 500 నోట్, అంటే మామూలు మాటల్లో రాసే వివరణ. వచ్చినవాళ్లకు కావాల్సింది ‘ఎప్పుడు’ ఒక్కటే కాదు, ‘ఏది ఎప్పుడు’ అన్నది. ఆడిందా, అచ్చయిందా, తిరగరాసిందా? ఉత్త అంకె ఆ మాట చెప్పదు. కథల సంపుటాలకైతే విషయసూచిక రాసే 505లో ప్రతి కథ పక్కన దాని సంవత్సరం వేస్తాను. కారా (కాళీపట్నం రామారావు) ‘యజ్ఞం’ 1964 నాటి కథ. తర్వాత అది ఏ సంపుటంలో చేరినా ఆ 1964 మారదు కదా.

రచనాకాలాన్ని మాటల్లో చెప్పే 388 అంటారా, ‘20వ శతాబ్దం’ లాంటి మాటలకు బాగుంటుంది. మా దగ్గర ఎవరూ అలా వెతకరు.

ఇప్పుడు మా కన్యాశుల్కం రికార్డులో నోట్ ఇది: ‘తొలి ప్రదర్శన 1892, తొలి ముద్రణ 1897, ఇందులోని పాఠం 1909 నాటి రెండో కూర్పు.’ 046లో 1909 పెట్టాను. 1897 ఉండాలనే మా పక్క సీటాయనతో వాదన ఇంకా తెగలేదు.