కిటికీ సైజులు ఖాయం చేసే ముందు వెలుతురు లెక్క కట్టించుకున్నాం: మా రివ్యూ

కొత్త ఇంటి ప్లాన్ పంపిస్తే ఏ గదికి ఎంత కిటికీ కావాలో కంప్యూటర్లో లెక్క కట్టి రిపోర్టు ఇచ్చే ఆన్‌లైన్ సర్వీసు తీసుకున్నాం. నా వరకు బాగా పనికొచ్చింది, కానీ ఆ రిపోర్టు ఒక్కటే చూసుకుని కిటికీలు పెట్టించేయకూడదు.

ముందుగా నచ్చింది వాళ్లు అడిగే ప్రశ్నలు. పక్కింటి గోడ ఎంత ఎత్తు, ఎంత దూరం, సజ్జా ఎన్ని అడుగులు ముందుకొస్తుంది, ఏ అద్దం, దోమల జాలి ఉంటుందా, గోడలకి ఏ రంగు, ఇవన్నీ చెప్తేనే పని మొదలుపెడతారు. నేల వైశాల్యంలో పదో వంతు కిటికీ ఉంటే చాలు అనే మాట ఇల్లు కట్టేవాళ్లందరూ వినే ఉంటారు. ఆ లెక్కన 12 బై 14 గదికి 17 చదరపు అడుగులు సరిపోవాలి, మేం 5 బై 4 కిటికీ అనుకున్నాం, అంటే 20. అయినా రిపోర్టులో ఆ గదికి సగటు డేలైట్ ఫ్యాక్టర్ 1.1 శాతమే వచ్చింది. మబ్బు పట్టిన రోజు ఆరుబయట ఉన్న వెలుతురులో ఎన్నో వంతు గదిలోకి చేరుతుందో చెప్పే అంకె ఇది. పడకగదికి 1 ఉన్నా నడుస్తుంది, పగలంతా కూర్చుని చదువుకునే గదికి కనీసం 2 కావాలి, 5 ఉంటే పగలు లైటు వేసే అవసరం దాదాపు రాదు.

ఎందుకు తగ్గిందో కూడా వివరంగా రాశారు, డబ్బులు పెట్టింది నిజానికి దీనికే అనిపించింది. 20 చదరపు అడుగుల్లో ఫ్రేములు పోగా అద్దం మిగిలేది 15. అందులోనూ టేబుల్ ఎత్తుకి కింద ఉన్న భాగం వల్ల టేబుల్ మీదకి వచ్చే వెలుతురు చాలా తక్కువ, కాబట్టి కిటికీని కిందకి పెంచే బదులు లింటెల్ (కిటికీ పైన వేసే దూలం) పైకి జరపమన్నారు. కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉందో దానికి సుమారు రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే గది లోపలికి మంచి వెలుతురు వెళ్తుందట. పక్క గోడకి ఇంకో కిటికీ పెట్టి చూపిస్తే అంకె 2 దాటింది. ఒకే గోడ నుంచి వెలుతురు వస్తే కిటికీ దగ్గర కళ్లు చెదిరి మూలలు చీకటిగా ఉంటాయి, రెండు వైపుల నుంచి వస్తే ఆ తేడా బాగా తగ్గుతుంది.

ఇక లోటు. ఈ లెక్క అంతా మబ్బు ఆకాశానికే కాబట్టి తూర్పు కిటికీకి, పడమర కిటికీకి ఒకే అంకె వస్తుంది! సాయంత్రం పడమర ఎండ నేరుగా లోపలికొచ్చి గది వేడెక్కే సంగతి రిపోర్టులో ఎక్కడా లేదు. ఇంత ముఖ్యమైన విషయం అడిగితే తప్ప చెప్పకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. పడమర వైపు కిటికీ పెంచే ముందు ఎండ లెక్క వేరుగా చేయించుకోండి. గదిలో ఎక్కడ ఎంత వెలుతురో చూపిస్తూ రిపోర్టులో ఇచ్చే రంగుల బొమ్మలు చూసి కూడా మురిసిపోవద్దు, ఏ రంగుకి ఎంత వెలుతురో చెప్పే స్కేలు ఒక్కో గదికి ఒక్కోటి వాడితే చీకటి గది కూడా పసుపు రంగులో మెరుస్తుంది, అన్నిటికీ ఒకటే స్కేలు పెట్టమనండి. మామూలు అద్దానికి, రంగు అద్దానికి విడివిడిగా అంకెలు అడగండి, ముదురు రంగు అద్దం సగానికి పైగా వెలుతురు ఆపేయగలదు.

లింటెల్ వేయకముందే ఇది చేయించాలి, తర్వాత మార్చడం చాలా కష్టం. ఒకసారి ఉచితంగా మళ్లీ లెక్క కడతామన్నారు, దాన్ని వెంటనే వాడేయకుండా కిటికీలు చేసేవాళ్ల దగ్గర నుంచి ఫ్రేము డ్రాయింగ్ వచ్చాక వాడుకోండి, అసలు అద్దం ఎంతో అప్పుడే తెలుస్తుంది.