ఇంజన్ ఆపినా ఆరని కారు లైట్లు: టెర్మినల్ ఊడదీయాలా, ఫ్యూజ్ పీకాలా, రిలే తీయాలా?

పోయిన వానాకాలంలో ఒక రాత్రి పదకొండింటికి విజయవాడ పటమటలోని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, మీ బండి లైట్లు ఆరలేదు, ఒకసారి కిందికి రండి" అన్నాడు. తాళం చెవి నా జేబులోనే ఉంది. కిందికి వెళ్లి చూస్తే లైట్ల స్విచ్ కూడా ఆఫ్‌లోనే ఉంది. అయినా రెండు హెడ్‌లైట్లూ సెల్లార్ గోడ మీద పట్టపగల్లా వెలుగుతున్నాయి. అప్పటికే అక్కడ చేరినవాళ్లు తలో మాట చెప్పారు. ఎదురింటాయన బ్యాటరీ టెర్మినల్ ఊడదీయమన్నాడు. పైఅంతస్తు కుర్రాడు ఫ్యూజ్ పీకితే చాలన్నాడు. వాచ్‌మన్ మాత్రం "తెల్లారాక ఆటోనగర్ నుంచి మెకానిక్‌ని పిలుద్దాం సార్, ఇప్పుడెందుకు టెన్షన్" అన్నాడు.

తెల్లారేదాకా ఆగే వీలు లేదు. మామూలు హాలోజన్ బల్బు డిమ్‌లో 55 వాట్లు తీసుకుంటుంది. రెండు బల్బులకి 110 వాట్లు, అంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి గంటకి తొమ్మిది ఆంపియర్ అవర్ల పైనే పోతుంది. చిన్న కార్లలో ఉండేది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ. అది పూర్తి చార్జింగ్‌తో ఉన్నా నాలుగు గంటల్లో ఖాళీ అవుతుంది. సెల్ఫ్ అందుకోకపోవడం అంతకంటే ముందే మొదలవుతుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని మళ్లీ చార్జ్ చేసినా మునుపటి బలం రాదు. లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. మన ఎండలకి అసలే సగం ఆయుష్షు పోయిన బ్యాటరీ అయితే ఆ ఒక్క రాత్రితోనే పనికిరాకుండా పోవచ్చు.

అయితే దేనిమీదా చెయ్యి వేయకముందు రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి. ఇప్పటి కార్లు చాలావాటిలో ఇంజన్ ఆపాక మీరు ఇంట్లోకి నడిచి వెళ్లేదాకా దారి కనపడాలని హెడ్‌లైట్లు కాసేపు వెలిగి వాటంతట అవే ఆరిపోతాయి. ఆపాక లైట్ల కాడను ఒకసారి లాగితే అది మొదలయ్యే కార్లూ ఉన్నాయి. కారు కొత్తగా కొన్న మా బంధువు ఒకరు ఇది తెలియక మర్నాడే షోరూమ్‌కి వెళ్లొచ్చారు. రెండు మూడు నిమిషాలు దాటినా ఆరకపోతే అప్పుడు బానెట్ ఎత్తాలి.

టెర్మినల్ ఊడదీయడం అందరికీ తెలిసిన దారి. చాలా కార్లకి పది నంబరు పానా ఒకటుంటే చాలు. ఏ లైటు వెలుగుతోందో, ఎందుకు వెలుగుతోందో తెలియకపోయినా కరెంటు మొత్తం ఆగిపోతుంది. ముందు మైనస్ తీయాలి. తిరిగి పెట్టేటప్పుడు ముందు ప్లస్, ఆఖరున మైనస్. ప్లస్ ముందు తీయబోతే పానా పొరపాటున బాడీకి తగిలినప్పుడు పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసి పక్కన పెట్టండి. ఇబ్బందల్లా మర్నాడు తెలుస్తుంది. గడియారం సున్నాకి పోతుంది, కొన్ని కార్లలో స్టీరియో కోడ్ అడుగుతుంది, పవర్ విండో ఒక్క నొక్కుకి పైకి వెళ్లడం మరిచిపోతుంది. రిమోట్ పనిచేయదు కాబట్టి అసలు తాళం చెవి చేతిలో ఉంచుకోవాలి.

అంతకంటే పెద్ద ఇబ్బంది ఇది అలవాటుగా మారడం. రోజూ రాత్రి టెర్మినల్ తీసి పొద్దున పెట్టుకుంటూ నెలల తరబడి గడిపేవాళ్లని చూశాను. బ్యాటరీ కొమ్ము సీసంతో చేసింది, మెత్తగా ఉంటుంది. మాటిమాటికీ బిగిస్తుంటే అరిగి క్లాంపు లూజవుతుంది. బండి నడుస్తుండగా అది ఊడితే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి కంప్యూటర్ బాక్సు కాలిపోయే ప్రమాదం ఉంది. ఒక రాత్రికి సరే గానీ రోజువారీ మందుగా పనికిరాదు.

ఫ్యూజ్ పీకడం ఇంకొంచెం తెలివైన పని. ఫ్యూజ్ బాక్సు మూత వెనక ఏది దేనిదో బొమ్మ ఉంటుంది, చాలావాటిలో పీకడానికి చిన్న ప్లాస్టిక్ పట్టుకారు కూడా ఉంటుంది. హెడ్‌లైట్లకి తరచు కుడికొకటి, ఎడమకొకటి ఫ్యూజులుంటాయి, రెండూ తీయాలి. మిగతా బండి అంతా మామూలుగానే ఉంటుంది.

నేను మాత్రం హెడ్‌లైట్ల విషయంలో రిలేకే ఓటు వేస్తాను. రిలే అంటే స్విచ్ చెప్పినట్టు లైట్లకి కరెంటు కలిపే, తెంచే చిన్న డబ్బా, ఫ్యూజ్ బాక్సులో ఉంటుంది. లైటు ఆర్పడమే కాకుండా తప్పు ఎక్కడుందో చెప్పేది అదొక్కటే. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా రెండు దీపాలూ వెలుగుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది రిలేనే. దాని లోపలి కాంటాక్టులు వేడికి అతుక్కుపోతే స్విచ్ ఏం చెప్పినా వినవు. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. లైట్లు ఆరిపోతే దొంగ దొరికినట్టే. ఆరకపోతే పైకి లాగేయండి, అప్పుడు ఆరతాయి. అదే బాక్సులో హారన్‌కో మరొకదానికో అదే నంబరు రిలే ఉంటే తీసి ఇక్కడ పెట్టి చూడండి. లైట్లు వెలగకపోతే పాత రిలే పోయినట్టు. దానితో కూడా వెలిగితే తప్పు స్విచ్‌లోనో వైరింగ్‌లోనో ఉంది. నంబరు కలవకుండా మాత్రం మార్చకండి. కొన్ని కొత్త కార్లలో రిలే బోర్డులోనే అతికి ఉంటుంది, బయటికి రాదు. వాటికి ఫ్యూజే గతి.

ఆ రాత్రి నా బండిలోనూ రిలే కాంటాక్టులే అతుక్కుపోయాయి. రిలే తీస్తుంటే వేలు చుర్రుమంది. కారణం నేనే పెట్టించుకున్న 100/90 వాట్ల బల్బులు, అంటే బ్రైట్‌లో 100, డిమ్‌లో 90. రాత్రిళ్లు హైవే మీద వెలుగు చాలడం లేదని వేయించాను. మామూలు బల్బులకి తొమ్మిది ఆంపియర్లు నడిచే చోట డిమ్‌లోనే పదిహేను నడుస్తుంటే ఆ చిన్న కాంటాక్టులు ఎన్నాళ్లని ఓర్చుకుంటాయి?

వెనక బ్రేక్ లైట్లు ఆరకపోతే కథ వేరు. చాలా కార్లలో బ్రేక్ లైట్లకి తాళం చెవితో పని లేదు, బండి ఆఫ్‌లో ఉన్నా పెడల్ తొక్కితే వెలుగుతాయి. గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి పాత కారుకి ఇలాగే అయింది. బండిని గోడకి ఆనించి పెడతాడు కాబట్టి వెనక ఎర్రగా వెలుగుతున్నట్టు ఎవరికీ కనపడలేదు. రెండు 21 వాట్ల బల్బులంటే గంటకి మూడున్నర ఆంపియర్ అవర్లు, పది గంటల రాత్రికి 35. తెల్లారేసరికి బ్యాటరీ సరిగ్గా ఖాళీ. ఆయన కొత్త బ్యాటరీ వేయించాడు, నాలుగో రోజుకి అదీ దిగిపోయింది. నేను వెళ్లినప్పుడు పెడల్ కింద మ్యాట్ మీద పెళుసు ప్లాస్టిక్ ముక్కలు కనిపించాయి. బ్రేక్ స్విచ్‌ని లోపలికి నొక్కి పట్టే చిన్న బిళ్ల అది. పెడల్‌కి ఉన్న రంధ్రంలో కూర్చుంటుంది, ఏళ్లు గడిస్తే పొడి అవుతుంది. బిళ్ల లేకపోతే స్విచ్ ఎప్పుడూ పెడల్ తొక్కినట్టే అనుకుంటుంది. వేలు పోసి బ్యాటరీ కొన్న మనిషికి చివరికి పట్టిన ఖర్చు బిళ్ల ఖరీదే.

ఇక్కడ రాత్రికి బ్రేక్ లైట్ ఫ్యూజ్ తీయవచ్చు, కానీ పొద్దున మళ్లీ పెట్టకుండా రోడ్డెక్కకండి. బెంజ్ సర్కిల్ రద్దీలో బ్రేక్ లైట్లు లేని బండి అంటే వెనకవాడు వచ్చి గుద్దడమే. పైగా ఆటోమేటిక్ గేర్ కార్లు చాలావాటిలో ఆ ఫ్యూజ్ లేకపోతే గేరు పార్కింగ్ నుంచి కదలదు. బ్రేక్ లైట్లకైతే టెర్మినల్ తీయడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మరిచిపోయి బయల్దేరే ప్రమాదమే ఉండదు.

లోపలి లైటు ఆరకపోతే అంత కంగారు అక్కర్లేదు. పది వాట్ల లోపు బల్బు, మంచి బ్యాటరీ ఒక రాత్రి తట్టుకుంటుంది. తలుపు స్విచ్‌కి తుప్పో మట్టో పట్టి ఉంటుంది, శుభ్రం చేస్తే సరిపోవచ్చు. అశ్రద్ధ మాత్రం చేయకండి. చాలా కార్లలో లైట్లు ఆర్పలేదని కుయ్‌మనే బజరు ఆ తలుపు స్విచ్ మీదే ఆధారపడుతుంది. స్విచ్ పోతే ఆ హెచ్చరికనీ నమ్మలేం.

ఇక ఎవరి దగ్గరికి వెళ్లాలి? వారంటీ ఉన్న బండిని షోరూమ్‌కే తీసుకెళ్లండి, బయట వైరు కోయించుకుంటే రేపు వారంటీ గొడవ. లైట్లన్నీ కంప్యూటర్ బాక్సు నడిపించే కార్లకి స్కానర్ కావాలి, అది కూడా అక్కడే నయం. వారంటీ దాటిన బండి అయితే మన ఆటోనగర్‌కి మించింది లేదు. అక్కడ టింకరింగ్‌కి ఒకరు, రేడియేటర్‌కి ఒకరు, వైరింగ్‌కి ఇంకొకరు ఉంటారు. వైరింగ్ మాత్రమే చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి. టెస్ట్ ల్యాంప్ గానీ మీటర్ గానీ పెట్టి చూడకుండా "బ్యాటరీ మార్చేద్దాం" అనేవాళ్ల దగ్గర ఆగొద్దు. బండి ఆపి తలుపులన్నీ వేశాక, కంప్యూటర్ కూడా నిద్రలోకి వెళ్లేదాకా ఆగి, మైనస్ దగ్గర మీటర్ పెట్టి చూస్తే 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అంతకు మించితే ఒక్కో ఫ్యూజ్ పీకుతూ పోతే ఎక్కడ అంకె పడిపోతుందో అక్కడే తప్పు.

నా బండికి ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ రెండు దారులు చెప్పాడు. పెద్ద బల్బులే ఉంచుకుంటే లావు వైర్లతో, విడి రిలేలతో కొత్త లైను లాగాలి, లేదా కంపెనీ ఇచ్చిన 60/55 బల్బులకి తిరిగి రావాలి. ఎదురొచ్చేవాళ్ల కళ్లు కూడా తలుచుకుని రెండోదే ఎంచుకున్నాను. పసుపుబారిన హెడ్‌లైట్ అద్దాలు పాలిష్ చేయించాక వెలుగు సరిపోతోంది.