రాజమండ్రి ఎబొనైట్ పెన్ను: ఏడు నెలలు రాశాక

ఈ ఇంకు పెన్ను కొని ఏడు నెలలైంది. కొన్న వారంలోనే రాసి ఉంటే పాళీ నున్నగా ఉంది, రంగు బాగుంది అని నాలుగు ముక్కలు రాసి ఊరుకునేదాన్ని, అందుకే ఇన్నాళ్లు ఆగాను. పెన్ను ఎలా రాస్తుందో చెప్తాను కానీ, నా కంగారు ఎలా తగ్గించిందో చెప్పాలన్నదే అసలు ఆశ.

నాది హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ చూసే ఉద్యోగం. కళ్లు తెరవగానే ఫోను, కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ ఫోను, అన్నం కలుపుకుంటూ ఎడమ చేత్తో ఫోను. పోయిన ఏడాది బీపీ 150/100 వచ్చింది. డాక్టరు గారు మాత్ర రాసిచ్చి, "పరుగు మాత్రం మీరే తగ్గించుకోవాలమ్మా" అన్నారు. అది ఎలాగో నాకు తెలియలేదు. డబ్బు కట్టి ఒక ధ్యానం యాప్ పెట్టుకున్నాను. అది టైముకి గంట కొట్టి ప్రశాంతంగా కూర్చోమని గుర్తు చేసినప్పుడల్లా, చెయ్యాల్సిన పనుల్లో ఇంకోటి పెరిగినట్టు ఉండేది. రెండు నెలలకి తీసేశాను.

పెళ్లికని రాజమండ్రి వెళ్లినప్పుడు బాబాయి నన్ను ఒక పెన్నుల షాపుకి తీసుకెళ్లాడు. ఆ ఊళ్లో చేతితో చేసే పెన్నులకి పెద్ద చరిత్రే ఉంది. విదేశీ సరుకు వద్దని దేశమంతా అనుకుంటున్న రోజుల్లో, గాంధీజీ మాట పట్టుకుని కోసూరి వెంకటరత్నం గారు 1932లో ఇక్కడ స్వదేశీ పెన్నులు మొదలుపెట్టారు. తన అనుచరుడు కుమారప్ప గారి ద్వారా ఆయన పంపిన పెన్నుతో రాసి చూసి, బజారులో దొరికే విదేశీ పెన్నులకి బదులుగా ఇది బాగానే పనికొస్తుందని గాంధీజీ 1935లో ఆయనకి ఉత్తరం రాశారు. మా నాన్న ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పారో! అప్పుడు సగం విని వదిలేశాను.

షాపులో పెద్దాయన నా చేతికి పెన్ను ఇచ్చి, "ఏదైనా రాయండమ్మా, పేరు కాదు, నాలుగైదు వాక్యాలు రాయండి" అన్నారు. రైలుకి గంటన్నరే ఉంది, గబగబా రాసేశాను. ఆయన కాగితం తిప్పి, వెనక వైపు వేలితో తడిమారు. "నొక్కి రాస్తున్నారమ్మా. బాల్ పెన్ను అలవాటు. దీన్ని నొక్కకూడదు, చేతి బరువు చాలు" అన్నారు. తర్వాత పాళీ మొనని ఏదో సన్నటి రాయి మీద రెండుసార్లు ఎనిమిది అంకెలా తిప్పారు, మళ్లీ రాయించారు, మళ్లీ తిప్పారు. ఇరవై నిమిషాలు పట్టింది. నేను గడియారం చూస్తుంటే బాబాయే, "కంగారు పడకమ్మా, స్టేషన్ ఇక్కడే" అన్నాడు. ఎనిమిది వందల రూపాయలు తీసుకున్నారు. ఒక వస్తువు కొనేటప్పుడు అంతసేపు నా చెయ్యి ఎలా రాస్తుందో ఎవరైనా చూడడం నాకు అదే మొదటిసారి.

ఇక పెన్ను సంగతి. ఎబొనైట్ అంటే రబ్బరుకి గంధకం ఎక్కువ పాళ్లలో కలిపి, వేడి చేసి గట్టిపరిచిన పదార్థం. ఆ కడ్డీల్ని లేత్ మీద చెక్కి పెన్ను చేస్తారు. నాది నలుపులో ముదురు గోధుమ రంగు చారలు ఉన్నది. పట్టుకుంటే ప్లాస్టిక్‌లా చల్లగా ఉండదు, నిమిషంలో చేతి వేడికి వస్తుంది. అరచేతిలో రుద్ది వాసన చూస్తే పాత సైకిల్ ట్యూబు గుర్తొస్తుంది. కొందరికి నచ్చకపోవచ్చు, నాకు మాత్రం ఇష్టమైపోయింది. మూతకి మరలున్నాయి, రెండున్నర చుట్లు తిప్పి తియ్యాలి. టిక్కుమని నొక్కితే రాసేది కాదిది. ఆ రెండున్నర చుట్లే నాకు చాలా మేలు చేశాయి. ఏదో గుర్తొచ్చి గబుక్కున గీకేద్దామన్నా కుదరదు, ఒక్క క్షణం ఆగాల్సిందే.

దీనికి కార్ట్రిడ్జి లేదు, పంపు లేదు. డ్రాపర్‌తో ఇంకు తీసి సరాసరి బ్యారెల్‌లో పొయ్యాలి. ఆదివారం పొద్దున వరండాలో పాత పేపరు పరుచుకుని కూర్చుంటాను. ముందు భాగం తిప్పి విప్పి, పాళీని, దాని కింద ఉండి ఇంకు అందించే నల్లటి నాలుకని మామూలు నీళ్లలో కడిగి గుడ్డ మీద ఆరబెడతాను. వేడి నీళ్లు వద్దు, ఎబొనైట్ రంగు మారుతుంది. ఎండలోనూ పెట్టకండి. తర్వాత చుక్క చుక్కగా ఇంకు. గాజు గొట్టంలో నీలం పైకి రావడం, రబ్బరు బుడ్డి మీద వేళ్లు కాస్త వదిలితే వెనక్కి జారడం, బ్యారెల్ లోపలి అంచు మీద ఒక చుక్క ఆగి, మెల్లగా కిందికి దిగడం. ఆ పని జరుగుతున్నప్పుడు ఇంకో ఆలోచన చెయ్యలేం, చేస్తే గచ్చు మీద మరకే. పది నిమిషాలు. వారంలో నా మనసు ఒక్కచోట ఉన్న పది నిమిషాలు అవేనని మొదట్లో అనిపించేది. తర్వాత్తర్వాత అలాంటివి పెరిగాయి.

రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను వంటింట్లో ఛార్జింగ్ పెట్టేసి ఒక పేజీ రాస్తాను. తెలుగులోనే. ఇన్నేళ్లుగా ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టీ కొట్టీ, మొదటి రాత్రి "జ్ఞాపకం" అని రాయబోయి జ కింద ఒత్తు దగ్గర చెయ్యి ఆగిపోయింది. చాలా బాధేసింది. పాళీ మన అక్షరాలకి ఎంత బాగా నప్పుతుందో అప్పుడే తెలిసింది. మన లిపి అంతా వంపులే కదా, గుడి తిప్పి దీర్ఘం లాగేటప్పుడు, సుడి చుట్టేటప్పుడు పాళీ కాగితం మీద జారుతూ పోతుంది. తొందరపడితే సుడి మూసుకుపోయి మచ్చ అవుతుంది. వాక్యం చివర తడి ఇంకా మెరుస్తూ ఉంటుంది, అది కాగితంలోకి ఇంకి మెరుపు పోయేదాకా ఆగి పేజీ తిప్పాలి. ఆ ఆగే టైములోనే, రాసింది నిజమేనా, ఆఫీసులో ఒకామె మీద నాకు నిజంగా అంత కోపం ఉందా అని చూసుకోవడం మొదలైంది. రెండుసార్లు లేదనే తేలింది.

కాగితం గురించి చెప్పాలి. పలచటి నోట్‌బుక్‌లో ఇంకు పాకుతుంది, వెనక వైపు కనిపిస్తుంది. కొంచెం మందం కాగితం కొనుక్కోండి. ఇంకు మరీ అడుగంటేదాకా ఆగకండి, ముందే నింపుకోండి. లోపల ఖాళీ పెరిగినకొద్దీ చేతి వేడికి గాలి వ్యాకోచించి ఒక్కసారిగా బొట్టు పడుతుంది. నాకు ఒక రాత్రి సగం పేజీ పోయింది. హ్యాండ్ బ్యాగులో అడ్డంగా పడేస్తే మూతలోకి కారుతుంది, పాళీ పైకి ఉండేలా నిలబెట్టాలి. విమానంలోకి ఇంకుతో తీసుకెళ్లొద్దు. కార్బన్ కాపీ ఫారాలకి ఇది పనికిరాదు. ఎడమ చేతి వాటం వాళ్లకి తడి అక్షరాలు చేతికి అంటుకుని ఇబ్బంది, వాళ్లు సన్న పాళీ, తొందరగా ఆరే ఇంకు చూసుకోవాలి.

పెన్ను వల్ల బీపీ తగ్గిందని నేను చెప్పను, మాత్ర వేసుకుంటూనే ఉన్నాను. నిద్ర మాత్రం బాగా పడుతోంది. పోయిన నెల మా అమ్మాయి, "అమ్మా, నువ్వు ఈ మధ్య మా మాట పూర్తయ్యాక మాట్లాడుతున్నావు" అంది. ఇదివరకు పూర్తి కానిచ్చేదాన్ని కాదని నాకు అప్పుడు తెలిసింది.

రెండు నెలల క్రితం తణుకులో ఉన్న మా పెద్దమ్మకి ఉత్తరం రాశాను. ముప్పై ఏళ్లు తెలుగు టీచరుగా చేసింది. ఇన్‌లాండ్ లెటరు రెండున్నర రూపాయలే, కానీ అందులో రాస్తే ఇంకు అవతలికి దిగుతుందేమోనని మూడు తెల్ల కాగితాల మీద రాసి కవర్లో పెట్టాను. "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టి, మూడు రాత్రులు రాశాను. పోస్టు డబ్బాలో వేశాక అందిందా అని ఫోన్ చేసి అడగాలని రోజూ అనిపించింది, అడగలేదు. తొమ్మిదో రోజు కార్డు వచ్చింది, చెయ్యి వణుకుతున్నా వరస తప్పని అక్షరాలు. వాళ్ల మావిడి చెట్టు కాపు, మోకాళ్ల నొప్పి, నేను తప్పు రాసిన రెండు మాటలు, వాటి సరైన రూపాలు. అడుగున ఇలా ఉంది: "మొదటి కాగితంలో నీ అక్షరాలు పరిగెడుతున్నాయి. మూడో దాంట్లో నడుస్తున్నాయి. పెన్ను మార్చావా?"