కుబ్లాయ్ నోటు, గాజాన్ దిర్హం: ఏది మేలు?

చెంఘిజ్ ఖాన్ మనుమల్లో కుబ్లాయ్ చైనాను ఏలగా, అతని తమ్ముడు హులాగూ ఇరాన్‌లో ఇల్ఖాను రాజ్యాన్ని స్థాపించాడు. ఒకే ఇంటివారైనా డబ్బు విషయంలో ఈ రెండు శాఖలూ వేర్వేరు దారులు పట్టాయి. కుబ్లాయ్ 1260లో కాగితపు నోటును చెలామణీలోకి తేగా, హులాగూ మునిమనుమడైన గాజాన్ 1296-97 ప్రాంతంలో రాజ్యమంతటా ఒకే తూకం గల వెండి దిర్హాన్ని ముద్రింపజేశాడు. ఈ రెండింటిలో ఏది మేలన్న ప్రశ్నకు జవాబును పాలకుడి ఖజానా నుంచి కాక, ఆ డబ్బును కొంగున ముడి వేసుకున్న మనిషి వైపు నుంచి వెదకడమే న్యాయమని నేను భావిస్తాను.

కుబ్లాయ్ నోటు మల్బరీ చెట్టు బెరడుతో చేసిన ముదురు రంగు కాగితం. పది రాగి కాసుల విలువ నుంచి రెండు వేల కాసుల విలువ దాకా అనేక తరగతుల నోట్లు ఉండేవి. రెండు వేల కాసుల నోటుకు ఒక లియాంగ్ (చైనా తూకపు కొలత) వెండి సమానమని ప్రభుత్వం ప్రకటించింది. వెయ్యి రాగి కాసుల దండ మూడు కిలోలకు పైగా తూగేది కనుక, దూరప్రాంతపు వర్తకుడికి ఈ కాగితం ఎంత భారం తగ్గించిందో ఊహించవచ్చు. నలిగిన నోటును నూటికి మూడు వంతున వట్టం తీసుకుని మార్చి ఇచ్చేవారు. దొంగ నోటు ముద్రించినవాడికి మరణశిక్ష విధించేవారు. ఇవన్నీ మార్కో పోలోను అబ్బురపరచాయి. మన మోటుపల్లి రేవును గురించి, అక్కడి రాణి పాలనను గురించి మెచ్చుకుంటూ రాసిన యాత్రికుడే ఈ నోట్లను రసవాద విద్యతో పోల్చాడు.

మొదటి పదిహేనేళ్లూ ఆ మెచ్చుకోలుకు నోటు తగినదే. రాష్ట్రాల ఖజానాలలో వెండి నిల్వ ఉంచి, అడిగినవారికి మార్చి ఇచ్చినంత కాలం అది నిలకడగా నడిచింది. దక్షిణ సుంగ్ రాజ్యంపై యుద్ధం ముగింపుకు వచ్చిన 1276 ప్రాంతం నుంచి ఆ నిల్వలు రాజధానికి తరలిపోయాయి, ముద్రణ అనేక రెట్లు పెరిగింది. 1287లో కొత్త నోటు తెచ్చి, ఒక కొత్త నోటుకు ఐదు పాతవి సమానమన్నారు. అంటే పాత నోట్లు దాచుకున్న రైతు ఇంటి నుంచి కదలకుండానే, దొంగ ఎవరూ గోడకు కన్నం వేయకుండానే, తన కూడబెట్టులో ఎక్కువ భాగాన్ని పోగొట్టుకున్నాడు. నోటుపై నా ప్రధానమైన అభ్యంతరం ఇదే: నష్టం జరిగిన సంగతి ఆ నోటును చూసి గాని, చేత్తో తడిమి గాని తెలుసుకునే దారి దాన్ని పట్టుకున్నవాడికి లేదు.

ఇరాన్‌లో కూడా నోటును ప్రయత్నించారు. 1294లో ఖజానా ఖాళీ అయినప్పుడు, అప్పటి ఇల్ఖాను పాలకుడు గైఖాతూ ఏలుబడిలో వజీరు సద్రుద్దీన్ జంజానీ చైనా పద్ధతిని అనుకరిస్తూ తబ్రీజ్‌లో కాగితాలు విడుదల చేయించాడు. వాటి మీద ఇస్లాం విశ్వాస వాక్యాన్ని కూడా ముద్రించారు. అయినా వర్తకులు అంగళ్లు మూసేశారు, బజారులో తిండిగింజలు కరవయ్యాయి, సుమారు రెండు నెలల్లోనే ఆ నోట్లను ఉపసంహరించుకోవలసి వచ్చింది. చైనాలో నోటు వెనుక సుంగ్ కాలం నుంచి తరాలుగా కుదిరిన అలవాటూ, మొదట్లో వెండి నిల్వా ఉన్నాయి. తబ్రీజ్‌లో ఆ రెండూ లేవు, ఉన్నది రాజాజ్ఞ ఒక్కటే.

మరుసటి ఏడాదే గద్దెనెక్కిన గాజాన్ ఈ గుణపాఠాన్ని గ్రహించాడనే చెప్పాలి. అప్పటిదాకా ఒక్కో పట్టణపు టంకశాల ఒక్కో తూకంలో, ఒక్కో నాణ్యతలో నాణేలు కొట్టేది; ఊరు మారినప్పుడల్లా షరాబుకు వట్టం కట్టుకోక తప్పేది కాదు. గాజాన్ దిర్హం తూకాన్ని సుమారు 2.16 గ్రాములకు స్థిరపరచి, ఆరు దిర్హాలు ఒక దీనారని లెక్క కట్టాడు. నాణెం మీద అరబ్బీతో పాటు ఉయ్‌ఘుర్ లిపిలో మంగోలు భాష కూడా కనిపిస్తుంది. ఆకాశదైవపు శక్తితో గాజాన్ దీన్ని ముద్రించాడన్నది ఆ వాక్యపు భావం. ఇస్లాం స్వీకరించిన పాలకుడు తాతల నాటి ఆకాశదైవమైన తెంగ్రిని నాణెం మీద నిలుపుకోవడం నాకు ఎంతో ఆసక్తి కలిగించే విషయం.

ఈ దిర్హానికీ తరుగు తప్పలేదు. గాజాన్ తమ్ముడు ఓల్జైతూ కాలంలో తూకాన్ని తగ్గించారు, అతని కొడుకు అబూ సయీద్ కాలంలో మరింత తగ్గించారు. అయితే తరిగిన దిర్హాన్ని షరాబు త్రాసులో వేసి, గీటురాయిపై గీసి, దాని అసలు విలువ ఎంతో చెప్పగలడు. పాత దిర్హం దాచుకున్నవాడి దగ్గర పాత తూకపు వెండి అలాగే ఉంటుంది. ఈ కారణం చేతనే నా మొగ్గు గాజాన్ దిర్హం వైపు ఉంది.

దీనికి ఎదురుగా చెప్పదగిన బలమైన మాట ఒకటుంది. 1335లో అబూ సయీద్ మరణంతో ఇల్ఖాను రాజ్యం ముక్కలైంది. కుబ్లాయ్ వంశపు నోట్లు మాత్రం విలువ కోల్పోతూనే 1350ల దాకా నడిచాయి. చైనాలో లావాదేవీలకు కాగితం సరిపోవడంతో అక్కడి వెండి వర్తకుల చేతుల మీదుగా పశ్చిమానికి ప్రవహించిందని, ఇరాన్ టంకశాలలకు అది కూడా ఊతమైందని పరిశోధకుల్లో ఒక వాదన ఉంది. అదే నిజమైతే గాజాన్ దిర్హం మేలిమికి కుబ్లాయ్ నోటు కొంత ఋణపడి ఉన్నట్టే.

ఇలాంటి ప్రయోగం మన దేశంలోనూ ఒకటి జరిగింది. ఓరుగల్లును 1323లో జయించి సుల్తాన్‌పూర్ అని పేరు మార్చిన ఉలుగ్ ఖాన్, ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దెనెక్కాక, 1329-30లో వెండి టంకం స్థానంలో రాగి, ఇత్తడి నాణేలను చెల్లుబాటు చేయబోయాడు. సుల్తాను పట్ల విధేయతే దేవుడి పట్ల విధేయత అన్న వాక్యాన్ని వాటి మీద చెక్కించాడు. దొంగ నాణేలు వెల్లువెత్తగా, తుగ్లక్ రెండు మూడేళ్లకే ఆ నాణేలను రద్దు చేసి, తెచ్చినవారికి ఖజానా నుంచి వెండి బంగారాలు ఇప్పించాడు. దొంగ నాణేలకు కూడా వెండి చెల్లించాల్సి రావడంతో ఖజానాకు భారీ నష్టం వచ్చింది. అయినా ప్రజల చేతిలోని డబ్బుకు ఖజానా పూచీ పడడమన్న ఆ ఒక్క విషయంలో అతడు, పాత నోట్ల విలువను ఐదో వంతుకు దించిన కుబ్లాయ్ కంటే న్యాయంగా నడుచుకున్నాడు.