మా ట్యూబులర్ బ్యాటరీ: ఆ తేలే పుల్ల ఒక్కటి తప్ప

బ్యాటరీలో నీళ్లు ఎంతున్నాయో చూపించే ఆ తేలే పుల్లల్ని కనిపెట్టినవాడు దొరికితే, మే నెల మిట్టమధ్యాహ్నం మా వెనక బాల్కనీలో ఒక గంట కూర్చోబెట్టాలని ఉంది. విజయవాడ ఎండలో, ఇన్వర్టర్ వేడి పక్కన.

2021లో ఇంటి ఇన్వర్టర్ కోసం కొన్న 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ ఇది. మిగతా వివరాలు డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. లోపల ఆరు గదులు, అంటే సెల్స్; వాటి మీద ఆరు మూతలు, ఆరు పుల్లలు. ఆకుపచ్చ కనిపిస్తే నీళ్లున్నట్టు, ఎరుపు కనిపిస్తే పోయమన్నట్టు. మూతలు ఊడదీసే పని లేదు, మా అమ్మ కూడా చూసి చెప్పేయగలదు అని కొన్న రోజుల్లో తెగ పొగిడాను.

2025 వేసవిలో మొదలైంది గొడవ. అంతకుముందు కరెంటు పోతే రాత్రంతా తిరిగే ఫ్యాన్లు, రెండు గంటలకే చతికిలపడటం, ఇన్వర్టర్ కుయ్‌మనడం. చూస్తే ఆరు పుల్లలూ నిగనిగలాడుతూ పచ్చగా ఉన్నాయి. షాపు నుంచి వచ్చిన మెకానిక్ కూడా ఆ పుల్లలే చూశాడు. అప్పుడే చార్జింగ్ తీసి మీటర్ పెట్టాడు, 12.7 వోల్టులు చూపించింది. "బ్యాటరీ సూపర్‌గా ఉంది సార్, ఇన్వర్టర్ కార్డు పోయింది" అని కొత్త కార్డుకి రేటు చెప్పి వెళ్లాడు. చార్జింగ్ తీసిన వెంటనే ఏ బ్యాటరీ అయినా కాసేపు గొప్పగానే చూపిస్తుంది. కొన్ని గంటలు వదిలేసి చూస్తేనే అసలు రంగు బయటపడేది.

మా బావమరిది పున్నమి ఘాట్ వైపు పడవల ఇంజన్లు బాగుచేస్తుంటాడు. ఆదివారం భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కోకముందే టార్చి అడిగాడు. "పుల్లని నమ్మకండి బావా. పడవ బ్యాటరీలకి ఈ సోకులుండవు, మూత తీసి చూడాల్సిందే." ఇన్వర్టర్ ఆపించి, వేలి ఉంగరం తీయించి, ఒక్కో మూతా తిప్పాడు. ప్లస్ వైపు నుంచి నాలుగో సెల్‌లో ప్లేట్ల పైఅంచులు బయటికి తేలి, బూడిదరంగులో ఎండిపోయి ఉన్నాయి. దాని పుల్ల చుట్టూ తెల్లటి పొడి గట్టిపడి గొట్టానికి అంటుకుపోయింది. వేలితో రెండుసార్లు కొట్టినా కిందికి దిగలేదు. లోపల చుక్క లేకపోయినా పైకి పచ్చజెండానే! మాన్యువల్ చూస్తే పుల్ల ఎర్రబడినప్పుడు నీళ్లు పోయమని ఉందే గానీ, పుల్ల ఇరుక్కుంటుందన్న ముక్క ఎక్కడా లేదు.

ఆరు సెల్స్ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒకటి మొరాయిస్తే మిగతా ఐదూ ఎంత బాగున్నా లాభం లేదు.

తర్వాత చేసింది వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు డిస్టిల్డ్ వాటర్ ప్లేట్లు మునిగేంత వరకే పోశాడు. నేను నిండు మట్టం గుర్తు దాకా నింపబోతే చెయ్యి పట్టుకున్నాడు. చార్జింగ్‌లో మట్టం పైకి లేస్తుంది, పొంగితే యాసిడ్ పోతుందట. రాత్రంతా చార్జింగ్ పెట్టి, పొద్దున గుర్తు దాకా నింపాం. ఆర్‌ఓ నీళ్లు వద్దు, వాటిలోనూ లవణాలు మిగులుతాయి. యాసిడ్ అసలే వద్దు. ఆవిరైపోయేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉండి చిక్కబడుతుంది. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి లోపల చూడటానికి టార్చే, అగ్గిపుల్లో లైటరో కాదు. టెర్మినళ్ల మీది పచ్చటి తుప్పుని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, తుడిచి, వాసెలిన్ రాశాం. మూతలు బిగించాకే ఆ పని.

ఆటోనగర్‌లో ఒక హైడ్రోమీటర్ కొన్నాను, సెల్‌లో యాసిడ్ ఎంత చిక్కగా ఉందో కొలిచేది. ఇంట్లో ఈ వస్తువు ఇంత ముద్దొస్తుందనుకోలేదు. ఐదు సెల్స్ 1.240 దగ్గర నిలబడ్డాయి, నాలుగోది 1.190. పూర్తిగా కోలుకోలేదు, ఇక కోలుకోదు. రాత్రంతా వచ్చే బ్యాకప్ ఇప్పుడు నాలుగు గంటల దగ్గర ఆగుతోంది.

వారంటీ సంగతి కూడా చెప్పాలి. మొదటి 36 నెలలు దాటిపోయాయి కాబట్టి మార్చి ఇవ్వరు, కొత్తదాని మీద తగ్గింపే. ఆ తగ్గింపు ఎమ్మార్పీ మీద. బజార్లో ఎమ్మార్పీకి ఎవరు కొంటారండీ? లెక్కవేస్తే పాతది స్క్రాప్‌కిచ్చి కొత్తది కొన్నదానికీ దీనికీ పెద్ద తేడా రాలేదు.

2024 సెప్టెంబర్ బుడమేరు వరదప్పుడు ఈ బ్యాటరీ రెండు రాత్రులు ఆదుకుందని చుట్టాలందరికీ చెప్పుకున్నాను. మా వీధిలోకి నీళ్లు రాలేదు, కరెంటు మాత్రం పోయింది. నిజమే, ఆదుకుంది. కాకపోతే అప్పుడు నడిపింది కరెంటు తక్కువ తాగే ఒక బీఎల్‌డీసీ ఫ్యాను, ఒక ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ల చార్జింగ్. అన్నీ కలిపి 50 వాట్లు. 150 ఆంపియర్ అవర్లని 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు, ఇన్వర్టర్ మింగేది పోగా పద్నాలుగు వందల చిల్లర. ఆ లోడుకి ఈ సైజు బ్యాటరీ ఏదైనా ఒక రోజు పైన వస్తుంది. మామూలు ఫ్యాను ఒక్కటే 75 వాట్లు లాగుతుంది, రెండు తిప్పి చూడండి తెలుస్తుంది.

దీన్ని తీసి నీ పడవకి పెట్టుకోరా అంటే మా వాడు నవ్వాడు. ఇంజన్ తిప్పడానికి కొన్ని సెకన్లలో బోలెడు కరెంటు గుంజాలి, దానికి పల్చటి ప్లేట్లు ఎక్కువున్న బ్యాటరీ వేరు. ఇది నిదానంగా ఇచ్చేది. పైగా ఇంత పొడుగుది పడవ ఊగితే ఒరుగుతుంది.

మళ్లీ కొంటారా అంటే, మా ఇంట్లో అయితే బహుశా కొంటాను. బాల్కనీ ఉంది, హైడ్రోమీటర్ ఉంది, బావమరిది ఉన్నాడు. ఊళ్లో అమ్మానాన్న మాత్రమే ఉండే ఇంటికైతే డబ్బు ఎక్కువైనా నీళ్లు పోసే పని లేని లిథియం వైపు చూస్తాను. కొన్నదేదైనా పుల్లలున్నదైతే, వేసవిలో నెలకోసారి మూతలు తీసి లోపలికి టార్చి వేయండి.