గట్టిగా చెప్పడమా, ఆచితూచి చెప్పడమా: ఏది మేలు?

గుంటూరు చుట్టుపక్కల మిర్చి రైతుకి తెగులు తగిలితే సలహా చెప్పేవాళ్లకి కొదవ లేదు. పట్నం వస్తే పురుగుమందుల షాపు ఉంది, అమరావతి రోడ్డులో లాం ఫారం, అంటే వ్యవసాయ పరిశోధన కేంద్రం, ఉంది. ఈ రెండు చోట్లా మాట్లాడే తీరు మాత్రం ఒకదానికొకటి పొంతన ఉండదు. షాపులో సాధారణంగా వినిపించేది ఇది: "బాబాయ్, ఇది కొట్టు. మూడో రోజుకి పురుగు కనపడితే నన్నడుగు." లాంలో వినిపించేది ఇది: "తగ్గే అవకాశం ఉందండీ. ఉధృతిని బట్టి, వాతావరణాన్ని బట్టి చూడాలి."

2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటల మీద పడ్డప్పుడు ఈ తేడా ఎంత ఖరీదైందో ఈ ప్రాంతమంతా చూసింది. ఆ పురుగు పూతలో చేరి రసం పీలుస్తుంది, పూత రాలిపోతుంది. పువ్వు లోపల దాక్కుంటుంది కాబట్టి కొట్టిన మందు దానికి సరిగా తగలదు. పిల్లపురుగు పెద్ద పురుగుగా మారే ప్యూపా దశని నేలలో గడుపుతుంది కాబట్టి పైన ఉన్నది చచ్చినా కింద నుంచి మళ్లీ వస్తుంది. శాస్త్రవేత్తలు చెప్పింది కూడా అదే: ఏ ఒక్క మందుతోనూ ఇది పోదు, నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె వాడండి, దొరికిన మందులన్నీ కలిపి కొడితే పంటకి మేలు చేసే మిత్రపురుగులు చస్తాయి. మాట నూటికి నూరుపాళ్లూ నిజం, చెప్పిన తీరు మాత్రం ఆచితూచి. అయినా చాలామంది షాపు మాటే విన్నారు. మందు మీద మందు కొట్టి, చివరికి తోటలు పీకేసినవాళ్లున్నారు.

రైతుది అమాయకత్వం అంటే నేను ఒప్పుకోను. కౌలుకి తీసుకున్న పొలం, అప్పు తెచ్చిన పెట్టుబడి, కళ్ల ముందే రాలుతున్న పూత. నాలుగు రోజులుగా నిద్ర లేని మనిషికి మందు డబ్బాతో పాటు ధైర్యం కూడా కావాలి. షాపతను రెండూ ఇచ్చాడు. లాంలో సమాచారం దొరికింది కానీ ధైర్యం దొరకలేదు.

తడబడకుండా చెప్పేవాడికి విషయం తెలుసని మన మనసు లెక్కేసుకుంటుంది. రోజువారీ జీవితంలో ఆ లెక్క చాలాసార్లు సరిపోతుంది కూడా, తెలిసినవాడే కదా తడుముకోకుండా చెప్పేది. 1978లో విలియం ఓబార్, ఆయన సహచరులు అమెరికాలో కోర్టు సాక్ష్యాల మీద ప్రచురించిన అధ్యయనంలో ఇది బయటపడింది. ఒకే సాక్ష్యాన్ని రెండు రకాలుగా వినిపించారు. ఒకటి సూటిగా, ఇంకోటి 'బహుశా', 'అనుకుంటానండీ' కలిపి. సంగతి ఒకటే అయినా రెండోదాన్ని విన్నవాళ్లు తక్కువ నమ్మారు. దీనికి తోడు, ఒకే మాట పదే పదే చెవిన పడితే అది నిజమనిపించడం మొదలవుతుందని 1977లోనే ప్రయోగాల్లో తేలింది. షాపతను మూడుసార్లు చెప్పి, కంపెనీ కుర్రాడు ఇంకోసారి చెప్పి, పక్క చేను ఆయన కూడా అదే అన్నాక రైతుకి ఇంకేం అనుమానం మిగులుతుంది?

అలాగని గొంతే సర్వస్వం అనుకోవద్దు. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో ఒక లెక్క తరచూ వినిపిస్తుంది: మాటల ప్రభావం 7 శాతం, గొంతుది 38, ముఖకవళికలది 55 అని. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలివి. ఆయన పరిశీలించింది ఇష్టం, అయిష్టం లాంటి భావాల గురించే. ప్రతి ప్రసంగానికీ ఇది వర్తించదని ఆయనే స్పష్టంగా చెప్పాడు. పిల్లలకి దీన్ని సూత్రంలా నేర్పితే చెప్పే విషయం అక్కర్లేదని నేర్పినట్టే.

నొక్కి చెప్పడమంటే అరవడమని కూడా చాలామంది పొరబడతారు. అది నిజం కాదనడానికి 1921 చూస్తే చాలు. ఆ ఏడాది ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) సమావేశాలకి బెజవాడ వచ్చిన గాంధీ తర్వాత చీరాల వెళ్లారు. ఆయన గొంతు చిన్నది, మాట నిదానం, ఆవేశం కనపడదు. చీరాల-పేరాల ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య దీనికి పూర్తిగా ఎదురు. పాట, పద్యం, ఛలోక్తి, రామదండు అనే వాలంటీర్ల దళం, అన్నీ కలిపి జనాన్ని ఊపేసే వక్త. మున్సిపాలిటీ పన్నుల మీద కోపంతో జనం ఊరే వదిలి రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారంటే ఆ గొంతు బలం అలాంటిది. కానీ ఊరు వదలడమనే దారిని సూచించింది గొంతు పెంచని గాంధీయే. ఒకరిది హోరు, ఒకరిది నిదానం. ఇద్దరి మాటలోనూ సందేహం మాత్రం లేదు. జనం విన్నది ఆ నిబ్బరాన్ని.

మరి ఏది మేలు? ఇల్లు కాలుతుంటే, వరద వస్తుంటే గట్టి మాటే మేలు, అక్కడ చర్చ లేదు. రేపు మళ్లీ అదే మనిషి మొహం చూడాల్సిన డాక్టరుకి, వ్యవసాయాధికారికి, టీచరుకి ఆచితూచి చెప్పడం మేలు అంటారు. ఇక్కడే నా అభిప్రాయం వేరు. ఆచితూచి చెప్పేవాళ్లు తెలిసిన దానికీ తెలియని దానికీ ఒకే సందేహం పూసేస్తారు. లాంలో వినిపించాల్సింది ఇది: "ఒక్క మందుతో ఈ పురుగు పోదు. ఎవరు గ్యారంటీ ఇచ్చినా నమ్మకండి. జిగురు అట్టలు ఈ రోజే కట్టండి. దిగుబడి ఎంత దక్కుతుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను." మొదటి మూడు మాటల్లో 'అవకాశం ఉంది' అనే ముక్క ఎందుకు? అక్కడ వాళ్లకి సందేహమే లేదు కదా. నిజం చేతిలో ఉన్నవాళ్లు నసిగితే, ఆ ఖాళీలోకి గొంతు ఉన్నవాడు వచ్చి కూర్చుంటాడు. నా కోపమంతా దీని మీదే.

వినేవాళ్ల వైపు నుంచి అయితే ఒక్క ప్రశ్న చాలు: "తగ్గకపోతే ఏం చెయ్యమంటావ్ అన్నా?" విషయం తెలిసినవాడి దగ్గర రెండో జవాబు సిద్ధంగా ఉంటుంది, ఆ తర్వాత ఏం చూడాలో కూడా చెబుతాడు. గొంతు మాత్రమే ఉన్నవాడు విసుక్కుంటాడు, లేదా మొదటి మాటే ఇంకాస్త గట్టిగా అంటాడు. ఎవరి మాట మీద మందు కొన్నా, డబ్బా పేరు, బ్యాచ్ నంబరు వేయించుకుని బిల్లు తీసుకోండి.