ఒక మెట్టా, రెండు మెట్లా? స్కాన్, క్యూఎస్‌టీ2, నెబ్‌లలో ఏది మేలు?

నల్గొండ, పాలమూరు వైపు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు చాలామందికి 8 కోర్ల కంప్యూటరే దిక్కు. పత్తి చేలో కొట్టే క్లోర్‌పైరిఫాస్ క్షారపు నీళ్లలో ఎలా విరుగుతుందో దాని మీదే తేల్చాలనుకుందాం. హైడ్రాక్సైడ్ ఫాస్ఫరస్‌ను పట్టుకుంటుంటేనే అణువులోని పిరిడినాల్ భాగం ఊడిపోతుందా, లేక మధ్యలో ఐదు బంధాల ఫాస్ఫరస్ కాసేపు నిలుస్తుందా? మొదటిదైతే చర్య ఒకే మెట్టు, రెండోదైతే రెండు మెట్లు; అలా మధ్యలో నిలిచేదే ఇంటర్మీడియట్. ప్రతి మెట్టులో దాటాల్సిన శక్తి శిఖరం ట్రాన్సిషన్ స్టేట్, దాన్ని కంప్యూటర్‌లో వెతికే మూడు పద్ధతులే స్కాన్, క్యూఎస్‌టీ2, నెబ్. లెక్క తేలికవడానికి మొదట ఇథైల్ గుంపుల బదులు మిథైల్ పెట్టండి. 29 పరమాణువులు 23కు దిగుతాయి.

స్కాన్ అంటే ఒక దూరాన్ని కొంచెం కొంచెంగా మారుస్తూ ప్రతిచోటా శక్తి లెక్కించడం, అందరికీ అలవాటే. ఫాస్ఫరస్–ఆక్సిజన్ దూరాన్ని 3.2 నుంచి 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లకు 0.1 చొప్పున తగ్గిస్తే 16 బిందువులు. చిక్కేంటంటే, మనం లాగేది ఒక్క బంధాన్నే. రెండోది బిగిసి ఉండి ఉన్నట్టుండి తెగుతుంది, శక్తి గీత నిట్టనిలువుగా పడుతుంది. ఆ శిఖరం ట్రాన్సిషన్ స్టేట్ కాదు, మొదటి ఊహ మాత్రమే.

క్యూఎస్‌టీ2కు రెండు చివరలూ (చర్యకు ముందు, తర్వాత ఆకృతులు) ఇస్తే చాలు, ఒకే మెట్టు చర్యకు చకచకా పనిచేస్తుంది. మధ్యలో ఇంటర్మీడియట్ ఉంటే మాత్రం రెండు శిఖరాల్లో ఒకటే దొరుకుతుంది, లేదా లెక్క ముగియనే ముగియదు.

ఈ ప్రశ్నకు నెబ్ మేలు. రెండు చివరల మధ్య వరుసగా కొన్ని చిత్రాలు (మధ్యస్థ ఆకృతులు) పెట్టి లెక్కిస్తుంది కాబట్టి దారంతా ఒకేసారి కనిపిస్తుంది, మధ్యలో గుంట ఉంటే అదే ఇంటర్మీడియట్. ఓర్కా అనే సాఫ్ట్‌వేర్‌లో మధ్య చిత్రాలు మామూలుగా 8. నిస్సారమైన గుంట వాటి మధ్య జారిపోవచ్చు, అనుమానమొస్తే 16 పెట్టండి. ముందు త్వరగా ముగిసే ఉజ్జాయింపు పద్ధతి జీఎఫ్ఎన్2-ఎక్స్‌టీబీతో దారి వేసి, తర్వాతే మరింత కచ్చితమైన డీఎఫ్‌టీకి వెళ్లండి. రెండు చివరల్లో పరమాణువుల వరుస ఒకటే ఉండాలి. మిథైల్ హైడ్రోజన్లు తారుమారైతే ఆ గుంపు ఊరికే తిరిగి దొంగ శిఖరం లేస్తుంది. ద్రావణి నమూనా (చుట్టూ నీళ్లున్నట్టు లెక్కించడం) మానొద్దు: వాయు స్థితిలో హైడ్రాక్సైడ్ దాడికి అడ్డే కనిపించకపోవచ్చు.

ఏ దారిన దొరికినా కల్పిత (ఇమాజినరీ) ఫ్రీక్వెన్సీ ఒక్కటే ఉండాలి, ఐఆర్‌సీ (శిఖరం నుంచి కిందికి దిగే దారి లెక్క) రెండు వైపులా మనం అనుకున్న చోటికే దిగాలి. 30 సెం.మీ.⁻¹ దగ్గర వచ్చే కల్పిత ఫ్రీక్వెన్సీ చాలాసార్లు మిథైల్ తిరుగుడే.

వేగం దగ్గర వ్యవహారం వేరు. అడ్డు ఎత్తు నుంచి వేగాన్ని లెక్కించే ఐరింగ్ సమీకరణంలో 1.36 కిలోక్యాలరీల తప్పు అంటే వేగంలో 10 రెట్ల తేడా. డీఎఫ్‌టీలో ఒక రకమైన బీ3లిప్ అడ్డులను తక్కువ చూపిస్తుంది. ఆకృతి దానితో తీసినా, శక్తిని ఒమేగాబీ97ఎక్స్-డీ అనే మరో రకంతో, అసలు ఇథైల్ అణువు మీదే మళ్లీ లెక్కించండి. రెండు అణువులు కలిసే చర్య కాబట్టి ప్రమాణ స్థితిని 1 అట్మాస్ఫియర్ నుంచి 1 మోలార్‌కు మార్చి అడ్డులోంచి 1.89 కిలోక్యాలరీలు తీసేయాలి, మరిస్తే వేగం 24 రెట్లు పడిపోతుంది. సాఫ్ట్‌వేర్ అచ్చేసేది 298.15 కెల్విన్ విలువ. మే నెల పొలానికి 318 కెల్విన్ (సుమారు 45 డిగ్రీల సెల్సియస్) ఇవ్వండి. ఎంథాల్పీ అడ్డు 20 కిలోక్యాలరీలు ఉంటే ఈ 20 డిగ్రీలకే వేగం దాదాపు 9 రెట్లవుతుంది.